మైళ్ల కార్డు తీసుకునే ముందు టికెట్ సంగతి తేల్చుకోండి

మైళ్లు, అంటే విమాన టికెట్లకు మార్చుకునే పాయింట్లు, ఇచ్చే క్రెడిట్ కార్డుల్లో ఏది మంచిదని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్నలు వేస్తాను. ఎక్కడికి వెళ్లాలి? ఎవరు వెళ్లాలి? ఎప్పుడు వెళ్లాలి? హైదరాబాద్ నుంచి విశాఖకో ఢిల్లీకో ఏడాదికి రెండు మూడు సార్లు వెళ్లొచ్చే మనిషికి సరిపోయే కార్డు, డల్లాస్‌లో కూతురి దగ్గరికి వెళ్లాల్సిన తల్లిదండ్రులకు సరిపోదు. ఒక్కసారైనా బిజినెస్ క్లాస్‌లో సింగపూర్ వెళ్లి రావాలనుకునే జంటకు ఆ రెండూ కాక మరొకటి కావాలి. 'ఈ ఏడాది టాప్ ఫైవ్ కార్డులు' అని చెప్పే వీడియోల్లో ఈ ప్రశ్నలు సాధారణంగా కనపడవు. ఆ వీడియో కింద లింకు నొక్కి మీరు కార్డు తీసుకుంటే చెప్పినాయనకు కమీషన్ వస్తుంది. ఆ తర్వాత మీరు ఏ విమానం ఎక్కుతారో ఆయనకేం పని?

అసలు విషయంలోకి వెళ్లే ముందు ఒక షరతు. ప్రతి నెలా బిల్లు మొత్తం కట్టేసే అలవాటు లేకపోతే మైళ్ల జోలికి వెళ్లొద్దు. మన దగ్గర కార్డు బాకీ మీద చాలా బ్యాంకులు నెలకు 3.5 నుంచి 3.75 శాతం వడ్డీ వేస్తాయి. అంటే ఏడాదికి 42 నుంచి 45 శాతం, దాని మీద జీఎస్టీ అదనం. పైగా పాత బాకీ మిగిలి ఉంటే కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే మీటర్ తిరుగుతుంది. ఎంత గొప్ప కార్డైనా మామూలు ఖర్చు మీద రెండు మూడు శాతానికి మించి తిరిగి ఇవ్వడం అరుదు. 'మినిమమ్ డ్యూ' మాత్రమే కడుతూ మైళ్లు కూడబెట్టేవాళ్లు టికెట్‌ను కౌంటర్ ధర కంటే ఎక్కువకు కొంటున్నట్టే.

మూడు రకాలు, ఒక కొలబద్ద

మార్కెట్లో ఎన్ని పేర్లున్నా మైళ్ల కార్డులు మూడు రకాలే.

మొదటిది విమాన సంస్థ పేరు మీదే వచ్చే కో-బ్రాండెడ్ కార్డు. ఐసీఐసీఐ బ్యాంకు ఎమిరేట్స్ కార్డులు ఇలాంటివే. ఖర్చు పెట్టిన ప్రతిసారీ స్కైవార్డ్స్ మైళ్లు నేరుగా ఎమిరేట్స్ ఖాతాలో పడతాయి. ఎంచుకునే పని లేదు, మార్చుకునే పని లేదు. హైదరాబాద్ నుంచి దుబాయ్ మీదుగానే ఎప్పుడూ ప్రయాణించే కుటుంబానికి ఇది హాయి. కానీ ఆ సంస్థ తలరాతే మీ మైళ్ల తలరాత. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఎగరడం మానేసింది. దాని పేరుతో కార్డులు పెట్టుకున్నవాళ్లకు పాయింట్లు మిగిలాయి, ఎక్కడానికి విమానం మిగల్లేదు. విస్తారా కథ అంత ఘోరంగా ముగియలేదు. 2024 నవంబర్ 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయాక పాయింట్లు అటు మళ్లాయి. కానీ ఏటా ఉచిత టికెట్ ఇస్తుందని విస్తారా కార్డు తీసుకున్నవాళ్లు మళ్లీ కొత్త కార్డు వెతుక్కోవాల్సి వచ్చింది.

రెండోది బ్యాంకు సొంత పాయింట్లు ఇచ్చి, వాటిని మీకు నచ్చిన విమాన సంస్థకు పంపుకోనిచ్చే కార్డు. యాక్సిస్ అట్లాస్, హెచ్‌డీఎఫ్‌సీ ఇన్ఫినియా, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కార్డులు, హెచ్‌ఎస్‌బీసీ ట్రావెల్‌వన్ ఈ కోవలోవి. మైళ్ల ఆట తెలిసినవాళ్లు ఆడేది ఇక్కడే. ఏ సంస్థకు పంపాలో చివరి నిమిషం దాకా తేల్చాల్సిన అవసరం లేదు కాబట్టి, ఒక సంస్థ మునిగినా, రేట్లు పెంచినా ఇంకో దారి ఉంటుంది.

మూడోది పేరుకు ట్రావెల్ కార్డే గానీ, పాయింటుకు ఇన్ని పైసలని కట్టేసి, బ్యాంకు సొంత పోర్టల్లోనో యాప్‌లోనో టికెట్ కొనుక్కోమనేది. ఫెడరల్ బ్యాంకు స్కేపియా ఇలాంటిది. వార్షిక ఫీజు లేదు, వచ్చిన కాయిన్లు వాళ్ల యాప్‌లోనే ప్రయాణాలకు వాడుకోవాలి. ఇవి నిజానికి మైళ్లు కావు, ప్రయాణానికి మాత్రమే చెల్లే క్యాష్‌బ్యాక్. దాన్ని తక్కువ చేసి చూడకండి. సీటు దొరుకుతుందా లేదా అన్న టెన్షన్ ఉండదు. సంక్రాంతికి రాజమండ్రి టికెట్ ఎంతుంటే అంతకు, పాయింట్లు పోగా మిగిలింది కట్టి కొనేయొచ్చు.

ఈ మూడింటినీ కొలవడానికి వాడాల్సిన కొలబద్ద మామూలు క్యాష్‌బ్యాక్ కార్డు. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుకు ఫీజే లేదు. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు ఆన్‌లైన్ ఖర్చుల మీద, పరిమితులకు లోబడి, 5 శాతం దాకా ఇస్తుంది. మైళ్ల కార్డు వాడిన ప్రతి రూపాయీ ఈ కార్డుల మీద వాడనిదే. అక్కడ పోయిన క్యాష్‌బ్యాకే మీరు మైళ్లకు చెల్లిస్తున్న ధర. మైళ్ల గురించి రాసేవాళ్లలో చాలామంది ఈ లెక్క వెయ్యరు. అందుకే అన్నీ ఉచితంగా వస్తున్నట్టు కనిపిస్తాయి.

మీ ఖర్చులో మైళ్లు ఇచ్చేది ఎంత?

నెలకు లక్ష ఖర్చయ్యే ఇల్లు కదా, ఏడాదికి పన్నెండు లక్షల మీద మైళ్లు వస్తాయని లెక్కేస్తే పప్పులో కాలేసినట్టే. తెలుగు మధ్యతరగతి ఇంట్లో పెద్ద పద్దులేమిటో ఒకసారి చూడండి. అద్దె లేదా ఇంటి లోను ఈఎంఐ. పిల్లల స్కూలు, కాలేజీ ఫీజులు. బంగారం. ఎల్‌ఐసీ, ఆరోగ్య బీమా ప్రీమియంలు. పెట్రోలు. కరెంటు బిల్లు. వీటిలో ఎక్కువ భాగానికి చాలా మైళ్ల కార్డులు ఒక్క పాయింటు కూడా ఇవ్వవు. ఇచ్చినా నెలకింత అని పరిమితి పెడతాయి. ఉదాహరణకు యాక్సిస్ అట్లాస్‌లో బంగారం, బీమా, అద్దె, ఇంధనం, వాలెట్, కరెంటు లాంటి బిల్లులు, ప్రభుత్వ చెల్లింపులు అన్నీ మినహాయింపు జాబితాలో ఉన్నాయి.

ఇక మిగిలిన చిల్లర ఖర్చంతా యూపీఐలో పోతోంది. కిరాణా, కూరగాయలు, పాలు, టిఫిన్ సెంటర్, ఆటో అన్నీ ఫోన్‌పేలోనే. యూపీఐకి క్రెడిట్ కార్డు జోడించుకోవచ్చని రిజర్వ్ బ్యాంకు 2022లో అనుమతించింది గానీ, అది రూపే కార్డులకు. పేరున్న మైళ్ల కార్డులు ఎక్కువగా వీసా, మాస్టర్‌కార్డ్, అమెక్స్ (అమెరికన్ ఎక్స్‌ప్రెస్) మీద నడుస్తాయి. కూరగాయల బండి దగ్గర క్యూఆర్ కోడ్ మీద మైళ్లు రావు.

కాబట్టి చేయాల్సిన పని ఇది. గత మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు తీయండి. పైన చెప్పిన పద్దులన్నీ కొట్టేయండి. సూపర్‌మార్కెట్, బట్టలు, హోటళ్లు, ఆన్‌లైన్ కొనుగోళ్లు, టికెట్లు, ఆసుపత్రి, ఎలక్ట్రానిక్స్ లాంటివి మిగులుతాయి. నెలకు లక్ష ఖర్చు పెట్టే ఇంట్లో ఇది ముప్పై నలభై వేలకు మించకపోతే ఆశ్చర్యపోకండి. కార్డు ఎంచుకోవాల్సింది ఈ అంకెను బట్టి, జీతాన్ని బట్టి కాదు.

ఒక మైలు మీకు ఎంతకు పడుతోంది

మైళ్లు వచ్చే ఖర్చు నెలకు 40,000 రూపాయలు ఉందనుకుందాం. ఏడాదికి 4,80,000. అట్లాస్ కార్డు మామూలు ఖర్చు మీద 100 రూపాయలకు 2 ఎడ్జ్ మైళ్లు (యాక్సిస్ సొంత పాయింట్లు) ఇస్తుంది, అంటే 9,600. ఏడాదిలో 3 లక్షలు దాటితే మరో 2,500 బోనస్. మొత్తం 12,100. చాలా విమాన సంస్థలకు ఒక ఎడ్జ్ మైలు రెండు మైళ్లుగా మారుతుంది కాబట్టి 24,200 మైళ్లు అయినట్టు.

ఇప్పుడు ధర. వార్షిక ఫీజు 5,000, జీఎస్టీతో 5,900. ఇదే ఖర్చును క్యాష్‌బ్యాక్ కార్డుల మీద పెడితే సగటున ఒకటిన్నర శాతం వచ్చేదనుకుంటే పోగొట్టుకున్నది 7,200. రెండూ కలిపి 13,100. దాన్ని 24,200తో భాగిస్తే మైలు ఒక్కోటీ 54 పైసలు.

మీ ఖర్చులో లక్ష రూపాయలు విమాన సంస్థల వెబ్‌సైట్లలోనో హోటళ్లకు నేరుగానో పెట్టేదైతే దాని మీద 100కు 5 ఎడ్జ్ మైళ్లు. అప్పుడు మొత్తం 30,200 మైళ్లు అవుతాయి, ఒక్కోటీ 43 పైసలకు పడుతుంది. అట్లాస్ నిజంగా ప్రయాణాల మీద ఖర్చు పెట్టేవాళ్ల కోసం చేసిన కార్డు. ఊళ్లోనే ఉండి బట్టలు కొనేవాళ్లు తీసుకుంటే ఫీజు భారమే ఎక్కువ కనిపిస్తుంది.

ఇంకో కార్డుతో పోల్చి చూద్దాం. అమెరికన్ ఎక్స్‌ప్రెస్ మెంబర్‌షిప్ రివార్డ్స్ కార్డు 50 రూపాయలకు ఒక పాయింటు ఇస్తుంది. అదేమంత గొప్ప కాదు. కానీ నెలలో 1,500 రూపాయలకు తగ్గకుండా నాలుగు కొనుగోళ్లు చేస్తే 1,000 పాయింట్లు, నెలకు 20,000 ఖర్చు పూర్తయితే మరో 1,000 బోనస్‌గా వస్తాయి. సరిగ్గా 20,000 దగ్గర ఆగితే నెలకు 2,400 పాయింట్లు, ఏడాదికి 28,800. మన దేశంలో అమెక్స్ పాయింట్లు ఎక్కువ విమాన సంస్థలకు రెండుకు ఒక మైలు చొప్పున మారతాయి. అంటే 14,400 మైళ్లు. ఏడాదికి లక్షన్నర దాటితే రెన్యువల్ ఫీజు మాఫీ అవుతుంది కాబట్టి రెండో ఏడు నుంచి ధర కేవలం పోయిన క్యాష్‌బ్యాక్ 3,600. మైలు పాతిక పైసలే.

కాగితం మీద చిన్న కార్డే గెలిచింది చూశారా! దీనికీ మెలికలున్నాయి. 19,900 దగ్గర ఆగితే వెయ్యి పాయింట్లు పోయినట్టే. 20,000 దాటాక అదనపు ఖర్చు మీద రాబడి నామమాత్రం. హైదరాబాద్ మాల్స్‌లో అమెక్స్ బాగానే నడుస్తుంది. చిన్న పట్టణాల్లో దుకాణం మెషిన్ దగ్గర 'ఇది పడదు సార్' అనే మాట వినాల్సి రావచ్చు. ఆన్‌లైన్‌లో ఎక్కువ కొనేవాళ్లకు ఆ ఇబ్బంది తక్కువ.

ఈ అంకెలన్నీ బ్యాంకులు తరచూ మార్చేవే. దరఖాస్తు పెట్టే రోజున బ్యాంకు సైట్‌లో ఉన్న నిబంధనల పీడీఎఫ్ తెరిచి, ముఖ్యంగా మినహాయింపుల పేజీ చదవండి. పద్ధతి మాత్రం ఏ కార్డుకైనా ఇదే: ఫీజు, పోయిన క్యాష్‌బ్యాక్ కలిపి, వచ్చే మైళ్లతో భాగించడం.

మరి మైలు విలువ ఎంత?

ఇక్కడే అందరూ తమకు తాము కాస్త అబద్ధం చెప్పుకుంటారు. అనుకున్న అంకెలతో చూద్దాం. సింగపూర్‌కు ఒకవైపు బిజినెస్ క్లాస్ టికెట్ 90,000 రూపాయలు, లేదా 45,000 మైళ్లు ప్లస్ 6,000 పన్నులు. 84,000 మిగిలింది, మైలుకు దాదాపు రూపాయి 87 పైసలు వచ్చాయని సంబరపడతాం. కానీ మైళ్లు లేకపోతే మీరు 90,000 పెట్టి ఆ టికెట్ కొనేవారా? 25,000 పెట్టి ఎకానమీలో వెళ్లేవారు. అప్పుడు నిజంగా మిగిలింది 19,000. మైలుకు 42 పైసలు. 54 పైసలకు కూడబెట్టి 42కు అమ్మినట్టయింది.

బిజినెస్ క్లాస్ సుఖానికి విలువ లేదనడం లేదు. నాలుగు గంటలు పడుకుని వెళ్లడానికి కొంత ఇవ్వొచ్చు. ఆ 'కొంత' ఎంతో మీరే నిర్ణయించుకోండి, ఎయిర్‌లైన్ రాసిన 90,000 కాదు. దేశీయ టికెట్లకైతే ఈ గొడవ లేదు. ఢిల్లీ టికెట్ 6,000 ఉన్నప్పుడు 8,000 పాయింట్లు, 1,200 పన్ను అడిగితే పాయింటుకు 60 పైసలు. లాభం కొంచెమే, కానీ నిజమైనది.

మీ ప్రయాణాన్ని బట్టి

దేశంలోనే తిరిగేవాళ్లు ఎక్కువమంది. మన ఊళ్ల నుంచి, అంటే విజయవాడ, తిరుపతి, రాజమండ్రి, విశాఖ నుంచి దేశీయంగా ఎగరడమంటే ఎక్కువగా ఇండిగో. దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా వాళ్లవే. ఇండిగోకు ఇప్పుడు బ్లూచిప్ అనే సొంత పాయింట్ల పథకం ఉంది. కార్డు ఏదైనా ముందు ఆ ఖాతా తెరిచి, ప్రతి టికెట్‌లో నంబరు వేయండి, ఉచితమే కదా. కానీ ఏడాదికి మూడు నాలుగు దేశీయ ప్రయాణాల కోసం 5,000 ఫీజున్న కార్డు తీసుకోవడం నా దృష్టిలో దండగ. ఫీజు లేని క్యాష్‌బ్యాక్ కార్డు, టికెట్ల మీద బ్యాంకు ఆఫర్లు, ఇవి చాలు. స్కేపియా లాంటిది రెండో కార్డుగా పెట్టుకోవచ్చు, ముఖ్యంగా ఎప్పుడో ఒకసారి విదేశం వెళ్తే.

ఎందుకంటే విదేశీ కరెన్సీలో ఖర్చు పెడితే చాలా కార్డులు 3.5 శాతం మార్కప్ (కరెన్సీ మార్చినందుకు అదనపు చార్జీ), దాని మీద జీఎస్టీ కలిపి 4.13 శాతం తీసుకుంటాయి. బ్యాంకాక్‌లో లక్ష ఖర్చు పెడితే 4,130 రూపాయలు ఊరికే పోయినట్టు. ఆ లక్ష మీద వచ్చే మైళ్లు ఆ గండి పూడ్చలేవు. మార్కప్ లేని కార్డు ఒకటి జేబులో ఉండాలి. మైళ్ల కార్డును ఊళ్లోనే వాడుకోవాలి. స్కేపియాకు మార్కప్ లేదు, మరికొన్ని బ్యాంకులు కూడా ఇలాంటివి ఇస్తున్నాయి.

నెలకు ఇరవై ముప్పై వేలు కార్డు ఖర్చుండి, రెండేళ్లకోసారి ఆగ్నేయాసియానో గల్ఫో వెళ్లాలనుకునేవాళ్లకు పైన చెప్పిన అమెక్స్ లెక్క బాగా కుదురుతుంది. ఖర్చు ఏడాదికి ఆరేడు లక్షలు దాటి, అందులో టికెట్లు, హోటళ్ల వాటా పెద్దదైతే అట్లాస్ కోవ కార్డు వైపు చూడండి. కన్సల్టింగ్, సేల్స్ ఉద్యోగాల్లో ఉండి టికెట్లు సొంత కార్డు మీద కొని కంపెనీ నుంచి తిరిగి తీసుకునేవాళ్లు అదృష్టవంతులు, మైళ్లు పూర్తిగా మిగులే. అయితే అట్లాస్‌లో ఒక గీత గుర్తుంచుకోవాలి. పాయింట్లు పంపుకోగలిగే సంస్థలను రెండు గుంపులుగా విడగొట్టి, సింగపూర్ ఎయిర్‌లైన్స్, ఎయిర్ కెనడా, యునైటెడ్ లాంటివి ఉన్న మొదటి గుంపుకు ఏడాదికి 30,000 ఎడ్జ్ మైళ్లే పంపనిస్తారు. ఎయిర్ ఇండియా, ఫ్లయింగ్ బ్లూ (ఎయిర్ ఫ్రాన్స్-కేఎల్‌ఎం మైళ్ల పథకం) ఉన్న రెండో గుంపుకు పరిమితి ఇంకా ఎక్కువ. ఒక్కో బదిలీకి 199 రూపాయల ఫీజు, జీఎస్టీ కూడా ఉంది, కాబట్టి ముక్కలు ముక్కలుగా పంపొద్దు.

ఇన్ఫినియా సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. 150 రూపాయలకు 5 పాయింట్లు, చాలా సంస్థలకు ఒకటికి ఒకటి చొప్పున బదిలీ, ఫీజు 12,500 ప్లస్ జీఎస్టీ. మామూలు ఖర్చు మీద మన దేశంలో దీనికి సాటి వచ్చేవి తక్కువ. కానీ బ్యాంకు పిలిచి ఇవ్వాలి. వస్తే ఆలోచించకుండా తీసుకోండి. రాకపోతే దాని కోసం ఖర్చు పెంచుకోకండి.

అమెరికా వెళ్లే తల్లిదండ్రుల టికెట్

తెలుగువాళ్ల మైళ్ల ఆశల్లో ఇది ప్రత్యేకమైనది. పిల్లలు డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో ఉంటారు, కాన్పుకో గ్రాడ్యుయేషన్‌కో అమ్మానాన్నలు వెళ్లాలి. హైదరాబాద్ నుంచి ఒక్క ఆగుడుతో వెళ్లే దారులు చాలానే ఉన్నాయి. దోహా మీదుగా ఖతర్, దుబాయ్ మీదుగా ఎమిరేట్స్, లండన్ మీదుగా బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఫ్రాంక్‌ఫర్ట్ మీదుగా లుఫ్తాన్సా. పశ్చిమ తీరానికైతే సింగపూర్ మీదుగా కూడా. వీటిలో ప్రతి ఒక్కదానికీ మైళ్లతో వెళ్లే మార్గం ఉంది. ఖతర్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ రెండూ ఏవియోస్ అనే ఒకే రకం పాయింట్లు వాడతాయి, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మార్చుకోవచ్చు. లుఫ్తాన్సా, ఎయిర్ ఇండియా రెండూ ఎయిర్ కెనడాతో పాటు స్టార్ అలయన్స్ అనే విమాన సంస్థల కూటమిలో ఉన్నాయి కాబట్టి ఎయిర్ కెనడా ఏరోప్లాన్ మైళ్లతో వాటి సీట్లు తీసుకోవచ్చు. ఏరోప్లాన్‌కు ఒక మంచి గుణం ఉంది. ఇంధన సర్‌చార్జి వేయదు. కొన్ని ఇతర పథకాల్లో మైళ్లు ఇచ్చాక కూడా పదులవేలు సర్‌చార్జి కట్టమంటారు. 

కష్టం ఎక్కడంటే సీటు దొరకడంలో. మైళ్లతో ఇచ్చే తక్కువ ధర సీట్లు ప్రతి విమానంలో కొన్నే. మే, జూన్ సెలవుల్లో, దసరాకు, డిసెంబర్ చివర అవి దాదాపు కనపడవు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ సీట్లు 355 రోజుల ముందు తెరుచుకుంటాయి. కాన్పు తేదీ అంత ముందుగా ఎవరికి తెలుసు?

పైగా పెద్దవాళ్ల ప్రయాణానికి వేరే లెక్కలుంటాయి. వీల్‌చెయిర్, ఒకే పీఎన్ఆర్, సామాను నేరుగా చివరిదాకా వెళ్లడం, మారేచోట తొందరపడనక్కర్లేనంత సమయం. మైళ్లు తక్కువ పడతాయని రెండు ఆగుళ్లతో, రెండు వేర్వేరు టికెట్లతో అరవై ఐదేళ్ల మనిషిని పంపించడం నాకు సబబుగా తోచదు. ఈ ప్రయాణానికి మైళ్లను టికెట్ మొత్తం కోసం కాకుండా, తిరుగు ప్రయాణానికో, ఎకానమీ నుంచి పై తరగతికి మారడానికో వాడుకుంటే ఒత్తిడి తగ్గుతుంది.

వీసా విషయం మర్చిపోకండి. స్టాంపింగ్ అయ్యేదాకా బ్యాంకు పాయింట్లను విమాన సంస్థకు పంపొద్దు. ఒకసారి పంపితే వెనక్కి రావు. సింగపూర్ క్రిస్‌ఫ్లయర్ మైళ్లకు మూడేళ్ల గడువు, ఫ్లయింగ్ బ్లూలో లావాదేవీలు లేకపోతే రెండేళ్లు. వీసా ఇంటర్వ్యూ స్లాటు దొరక్క ఆ గడువు దాటిపోతే చేసేదేమీ లేదు. ముందు ఎయిర్‌లైన్ సైట్‌లో సీటు కనపడాలి, తర్వాతే పాయింట్లు కదలాలి. ఈ వరుస తప్పకూడదు.

దాచుకుంటే తరిగిపోయే ఆస్తి

బ్యాంకు డిపాజిట్‌లా మైళ్లు పెరగవు. యాక్సిస్ మాగ్నస్ కార్డు ఒకప్పుడు నెలకు లక్ష ఖర్చు పెడితే 25,000 పాయింట్ల బోనస్ ఇచ్చేది, 5 పాయింట్లు 4 మైళ్లుగా మారేవి. 2023 సెప్టెంబర్‌లో బోనస్ తీసేశారు, 5 పాయింట్లకు 2 మైళ్లు చేశారు, ఫీజు 10,000 నుంచి 12,500కు పెంచారు. దాచుకున్నవాళ్ల పాయింట్ల విలువ సగమైపోయింది. విమాన సంస్థల వైపు నుంచి కూడా ఇదే తంతు. 2025 నవంబర్‌లో క్రిస్‌ఫ్లయర్ టికెట్లకు అడిగే మైళ్లు పెంచింది. అందుకే ఒక ప్రయాణానికి సరిపడా పోగవగానే వాడేయడం మంచిది. పదేళ్ల తర్వాత ప్రపంచయాత్రకని కూడబెట్టే వస్తువు కాదిది.

ఎయిర్‌పోర్టు లాంజ్‌ల కోసం కార్డు తీసుకునేవాళ్లూ ఉన్నారు. అది రోజురోజుకూ బలహీనమైన కారణం అవుతోంది. చాలా కార్డులు ఇప్పుడు ముందటి మూడు నెలల్లో ఇంత ఖర్చు పెడితేనే లాంజ్ అంటున్నాయి. ఆదివారం సాయంత్రం శంషాబాద్‌లో లాంజ్ ముందు వరుస చూస్తే, బయట ఇడ్లీ కొనుక్కోవడమే మేలనిపిస్తుంది.

పెళ్లి లాంటి పెద్ద ఖర్చు ముందున్నప్పుడు కొత్త కార్డు తీసుకోవడం మాత్రం తెలివైన పని. వెల్‌కమ్ బోనస్‌కు, ఏడాది మైల్‌స్టోన్‌కు (ఇంత ఖర్చు దాటితే ఇచ్చే బోనస్‌కు) ఆ ఖర్చు ఒక్కటే సరిపోవచ్చు. బంగారం లెక్కలోకి రాకపోయినా బట్టలు, హోటల్ గదులు, క్యాటరింగ్ లాంటివి వచ్చే అవకాశం ఉంది. కల్యాణ మండపం వాళ్లు కార్డుకు అదనంగా రెండు శాతం అడిగితే మాత్రం చెక్కు ఇచ్చేయండి. స్నేహితుల ఖర్చులు మీ కార్డు మీద పెట్టి మైళ్లు పెంచుకునే అలవాటుంటే ఇంకో విషయం తెలుసుకోండి. ఏడాదిలో కార్డు బిల్లులు 10 లక్షలు దాటితే బ్యాంకు ఆ వివరాలు ఆదాయపు పన్ను శాఖకు పంపుతుంది. మీ జీతం ఎనిమిది లక్షలై బిల్లు పదిహేను లక్షలుంటే నోటీసు వచ్చి, జవాబు చెప్పుకోవాల్సి రావచ్చు.

ఇక చివరిగా, కార్డు చేతికి రాకముందే చేయాల్సిన పని ఒకటుంది. ఎయిర్‌లైన్ ఖాతాలు ఉచితమే కాబట్టి ముందే తెరవండి. పేరు దగ్గర జాగ్రత్త. మనలో చాలామందికి బ్యాంకులో ఇంటిపేరు ఇనీషియల్‌గా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. కొందరికి పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడే ఖాళీ. బ్యాంకులోని పేరు, ఎయిర్‌లైన్ ఖాతాలోని పేరు కలవకపోతే పాయింట్ల బదిలీ ఆగిపోవచ్చు. ఎయిర్‌లైన్ పేరు, పాస్‌పోర్టు పేరు కలవకపోతే చెక్-ఇన్ దగ్గర చిక్కు. మూడుచోట్లా పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండేలా ముందు బ్యాంకు రికార్డు సరిచేయించుకోండి. తర్వాత దాన్ని మార్చాలంటే కస్టమర్ కేర్‌తో వారాల తరబడి మెయిళ్లు నడపాల్సి రావచ్చు, ఈలోగా మీరు చూసిపెట్టుకున్న సీటు ఇంకెవరో పట్టుకుపోతారు.